అద్దం మార్చాక కారు పక్కకి లాగుతోంది, చెబితే నా భ్రమ అంటున్నారు

శ్రీకాకుళం నుంచి ఒక టీచరు గారు రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. నాలుగు పేజీలుంది, కుదించి చెబుతున్నాను.

ఆవిడ భర్త ఆర్మీలో ఉన్నారు, ఏడాదికి రెండుసార్లు సెలవు మీద వస్తారు. ఇంట్లో అత్తగారు, మామగారు, ఏడో తరగతి చదివే కొడుకు. కారు నడిపేది ఈవిడే. మామగారిని నెలకోసారి విశాఖపట్నం ఆసుపత్రికి తీసుకెళ్ళి తీసుకురావాలి. అందుకనే పోయిన దసరాకి, గీత దాటితే చెప్పేదీ, ఎదర బండి ఆగితే తనే బ్రేకు వేసేదీ, అంటే కెమెరాతో దారి చూసి డ్రైవరుకి సాయం చేసే అడాస్ ఉన్న కారు చూసి మరీ కొనుక్కున్నారు. రెండు నెలల క్రితం టెక్కలి నుంచి వస్తుంటే ముందు పోతున్న టిప్పరు మీంచి కంకర రాయి ఎగిరొచ్చి ముందద్దానికి తగిలింది. మొదట పావలా బిళ్ళంత మచ్చ. మర్నాడు ఎండలో నిలిపిన కారులో ఏసీ వేసేసరికి ఆ మచ్చలోంచి బీట బయల్దేరి డ్రైవరు వైపు దాకా పాకిపోయింది.

ఆడపడుచు భర్తకి విజయనగరంలో కారు అద్దాల షాపుంది. "మనకి షాపుండగా షోరూమెందుకు చెల్లెమ్మా" అని 9,500కి మార్చి ఇచ్చారు, కూలి కూడా పుచ్చుకోలేదు. షోరూములో అద్దానికీ, దాని వెనకున్న కెమెరా చూపుని దిద్దే కాలిబ్రేషన్‌కీ కలిపి 38,000 చెప్పారట. ఇన్సూరెన్సు క్లెయిం చేస్తే బోనస్, అంటే క్లెయిం లేని ఏడాదికి ప్రీమియంలో ఇచ్చే తగ్గింపు, పోతుందని అదీ వద్దనుకున్నారు. కొత్త అద్దానికి అత్తగారు పైన మధ్యలో పసుపు రాసి కుంకుమ పెట్టారు, నిమ్మకాయలు తొక్కించారు, బండి ఇంటికొచ్చింది.

అప్పట్నించీ హైవే మీద డ్యాష్‌బోర్డులో ఆకుపచ్చ గీతల బొమ్మ వెలిగినప్పుడల్లా స్టీరింగు ఎడమకి కొద్దికొద్దిగా లాగుతోంది. ఆ ఫంక్షన్ ఆపేస్తే లాగడం లేదు. పోయిన నెల రణస్థలం దాటాక బండి ఎడమ అంచు తెల్లగీత మీదకి జరిగిపోయింది, సరిగ్గా అప్పుడే ఆ అంచున రాంగ్ రూట్లో ఒక బైకు. ఈవిడ స్టీరింగు గుంజి తిప్పారు. ఏమీ కాలేదు, మామగారి ఒళ్ళో ఉన్న మజ్జిగ సీసా ఒలికి సీటంతా తడిసింది. ఆయన ఒక్కటే అడిగారట: "ఏటమ్మా, నువ్వు తిప్పినావా, అదే తిరిగినాదా?"

ఆ అన్నయ్యగారేమో ఫోన్లో "కెమెరా మెత్తటి గుడ్డతో తుడువు, సరిపోద్ది, డ్యాష్‌లో లైటు రాలేదుగా" అన్నారు. భర్త "చిన్నదాన్ని పెద్దది చేయకు, అక్క బాధపడుతుంది" అన్నారు. షోరూమువాళ్ళు బయట వేయించిన అద్దం అనగానే ముఖం తిప్పేశారు. మామగారు అసలా ఆటోమేటిక్కులన్నీ ఆపేయమంటున్నారు. "నిజంగా బండిలో తేడా ఉందా, నేనే భయపడుతున్నానా? ఉంటే అన్నయ్యగారి మనసు నొచ్చకుండా ఎలా సరిచేయించుకోవాలి? బోనస్ కోసం చూసుకుని తప్పు చేశానా?" ఇదీ ఆవిడ అడుగుతున్నది.

అమ్మా, ముందు భ్రమ సంగతి తేల్చేద్దాం. మీది భ్రమ కాదు. మీరు తెలిసి చేశారో తెలియక చేశారో గానీ మెకానిక్కు చేయాల్సిన పరీక్ష మీరే చేసేశారు. గాలి తక్కువైనా, వీల్ అలైన్‌మెంట్ పోయినా బండి ఒక పక్కకి లాగుతుంది, కానీ అప్పుడు ఎప్పుడూ లాగుతుంది. మీ బండి ఆ ఆకుపచ్చ గీతల ఫంక్షన్, అంటే బండిని లేను మధ్యలో ఉంచడానికి స్టీరింగుని తనే తిప్పే లేన్ అసిస్ట్, వేసినప్పుడే లాగుతోంది, ఆపితే ఆగిపోతోంది, అద్దం మార్చకముందు లేదు. ఇంకేం కావాలి? ఎవరైనా మీకు "అంతా మీ ఊహ మేడమ్" అంటే ఈ మూడు ముక్కలే చెప్పండి.

ఇప్పుడు "లైటు రాలేదుగా" అనే మాట. అన్నయ్యగారి మీద నాకేం కోపం లేదు, చాలామంది మెకానిక్కులు కూడా ఇదే అంటారు, కానీ ఈ ఒక్క మాటే మిమ్మల్ని రెండు నెలలు తిప్పింది. కెమెరాకి ఏదైనా అడ్డం వస్తే, బురదో మంచో స్టిక్కరో, దానికి తెలుస్తుంది, కనబడట్లేదని లైటు వేసి చెబుతుంది. కెమెరా సూటి తప్పి ఒక వెంట్రుకవాసి పక్కకి తిరిగి ఉంటే మాత్రం దానికి తెలియకపోవచ్చు. దానికి అంతా బ్రహ్మాండంగా కనిపిస్తోంది, కాకపోతే ఉన్న చోట కనిపించట్లేదు. మేస్త్రీ చేతిలో రసమట్టం ఉంటుంది చూడండి, అందులో బుడగే పక్కకి జరిగిపోయి ఉంటే ఆయన ఎంత జాగ్రత్తగా కట్టినా గోడ వంకరే వస్తుంది, పైగా ఆయన సరిగ్గా ఉందనే ప్రమాణం చేస్తాడు. మీ బండి చేస్తున్నది అదే. ఉదాహరణకి కెమెరా కాస్త కుడికి తిరిగి ఉంటే ఎదర దారి మొత్తం దానికి ఎడమకి జరిగినట్టు కనిపిస్తుంది, పాపం దారి మధ్యకి వెళ్దామని అది స్టీరింగుని ఎడమకి తిప్పుతుంది.

వెంట్రుకవాసి అంటే ఎంతో చెబుతాను. కెమెరా ఒక్క డిగ్రీ పక్కకి తిరిగితే 100 మీటర్ల దూరంలో చూపు దాదాపు 1.75 మీటర్లు జరుగుతుంది. మన హైవేలో ఒక లేను వెడల్పు 3.5 మీటర్లు. అంటే సగం లేను. గంటకి 80 కిలోమీటర్ల మీద వెళ్తుంటే ఆ 100 మీటర్లు నాలుగున్నర సెకన్లలో అయిపోతాయి. పక్క లేనులో ఆగిన లారీ మీ ఎదరే ఉందనుకుని ఊరికే బ్రేకు వేయొచ్చు. నిజంగా మీ ఎదర ఉన్నదాన్ని పక్కదనుకుని ఆలస్యంగా వేయొచ్చు. మీకు లేన్ అసిస్ట్ ద్వారా తెలిసింది కాబట్టి అదే జబ్బనుకుంటున్నారు. కెమెరా ఒక్కటే, దాని మీద ఆధారపడ్డ పనులు చాలా. కొన్ని కార్లకి కెమెరాతో పాటు ముందు బంపరు దగ్గర రాడారు కూడా ఉంటుంది, అద్దం మార్చడం వల్ల దానికేం కాదు, కానీ అదొకటి చెప్పి ఇదొకటి చెబితే బండి ఎవరి మాట వినాలో మనకి తెలియదు.

మరి కొత్త అద్దం వేయగానే ఇదెందుకు జరుగుతుంది? ఆ కెమెరా, మధ్యలో వెనక బండ్లు చూసుకునే చిన్నద్దం వెనకాల, ముందద్దానికి అతికిన ఒక బ్రాకెట్‌లో కూర్చుంటుంది. పాత అద్దంతో పాటు పాత బ్రాకెట్టూ పోయింది. కొత్తదాని బ్రాకెట్టు ఒక మిల్లీమీటరు అటో ఇటో అతికి ఉండొచ్చు, అద్దం కింద వేసిన సీలెంట్ ఒక పక్క మందంగా పడి అద్దమే కాస్త వాలి ఉండొచ్చు, కెమెరా చూసే చోట గాజు నాణ్యతలో తేడా ఉండొచ్చు. అన్నయ్యగారు ఎంత శుభ్రంగా చేసినా ఈ తేడా రావచ్చు. కంపెనీ అద్దం వేసినా, షోరూములోనే వేయించినా కాలిబ్రేషన్ చేయాల్సిందేనని చాలా కంపెనీలు అంటున్నది అందుకే. దీన్ని గుర్తుపెట్టుకోండి, ఇంట్లో మాట్లాడటానికి ఇదే పనికొస్తుంది, దాని దగ్గరకి మళ్ళీ వస్తాను.

ఈలోగా ఇవాళే చేయాల్సింది ఒకటుంది. లేన్ అసిస్టూ, ఎదర బండిని చూసి తనే వేగం తగ్గించుకునే క్రూయిజూ వాడటం ఆపేయండి. చాలా కార్లలో ఇంజిన్ ఆపి మళ్ళీ స్టార్ట్ చేస్తే కొన్ని ఫంక్షన్లు వాటంతటవే ఆన్ అయిపోతాయి, కాబట్టి బండి తీసిన ప్రతిసారీ స్క్రీన్ చూసుకోవాలి. మీ అబ్బాయికి ఆ డ్యూటీ ఇవ్వండి, పిల్లలు మర్చిపోరు. ఆటో బ్రేకు విషయంలో మాత్రం నాకూ అటూ ఇటూ ఉంది. వంకర చూపుతో ఉన్న ఆటో బ్రేకు అకస్మాత్తుగా వేస్తే వెనక వచ్చే లారీవాడు మన మీదకొస్తాడు. ఆపేస్తే అవసరమైనప్పుడు అది ఉండదు. నేనైతే కాలిబ్రేషన్ అయ్యేదాకా ఆపేసి, వేగం తగ్గించి, దూరం ఎక్కువ పెట్టి నడుపుతాను. మొన్నటిదాకా మనందరం నడిపిన కార్లు ఇవేవీ లేనివే కదా.

మామగారు చెప్పినట్టు శాశ్వతంగా ఆపేసుకుని నడపడమూ ఒక దారే, దాన్ని నేను కొట్టిపారేయను. మన హైవేల మీద ధాన్యం ఆరబోస్తారు, ఆవులు డివైడరు మీద పడుకుంటాయి, రాంగ్ రూట్లో బైకులు సరేసరి, లేన్ అసిస్ట్ లేకపోతే కొంపలేం మునిగిపోవు. కాకపోతే మూడు చిక్కులు. ప్రతిసారీ ఆపాలి, ఏదో ఒక రోజు హడావిడిలో మర్చిపోతారు. మీవారు సెలవుకొచ్చి బండి తీసినప్పుడు ఆయనకి ఈ కథంతా గుర్తుండదు. రేపు బండి అమ్మాలంటే కొనేవాడు హైవే మీద ఒక రౌండు వేసి ధర తెగ్గోస్తాడు. అన్నిటికన్నా, మీరు ఆ కారు కొన్నదే ఒంటరిగా పెద్దాయన్ని తీసుకెళ్ళేటప్పుడు ఇంకో కన్ను ఉంటుందని. ఆ డబ్బు కట్టేశారు కదా.

రెండో దారి, ఇప్పుడున్న అద్దంతోనే కాలిబ్రేషన్ చేయించడం. నా ఓటు దీనికే. విశాఖలో మీ కంపెనీ సర్వీసు సెంటర్లు ఒకటి కన్నా ఎక్కువుంటే ఒకరు ముఖం తిప్పారని ఆగిపోకండి, ఇంకోచోట అడగండి. ఫోన్లోనే అడగండి, బండి తీసుకెళ్ళాక కాదు: బయట వేసిన అద్దం మీద కాలిబ్రేషన్ చేస్తారా, కెమెరాకి చూపించే బోర్డులు, చదునైన చోటు మీ దగ్గరే ఉన్నాయా లేక వేరేచోటికి పంపుతారా, చేశాక రిపోర్టు కాయితం ఇస్తారా, ఫెయిలైతే ఎంత తీసుకుంటారు. ఆఖరి ప్రశ్న ముఖ్యం. అద్దమో బ్రాకెట్టో మరీ తేడాగా ఉంటే కాలిబ్రేషన్ పూర్తికాదు, మెషిన్ ఒప్పుకోదు, అయినా వాళ్ళ కష్టానికి కొంత అడుగుతారు, అడగడం న్యాయమే.

ఆ పని ఎలా ఉంటుందో తెలిస్తే ఎవరూ మిమ్మల్ని మాయ చేయలేరు. స్థిరంగా చేసేదైతే బండిని చదునైన నేల మీద నిలబెట్టి, ఎదర నిర్ణీత దూరంలో, చక్రాల నుంచి బండి మధ్య గీత నుంచి మిల్లీమీటర్లలో కొలిచి, నలుపు తెలుపు గళ్ళున్న ఒక పెద్ద బోర్డు పెడతారు. కెమెరా ఆ బోర్డుని చూసి, ఓహో నేను ఇంత తిరిగి ఉన్నానా అని తన లెక్క దిద్దుకుంటుంది. రోడ్డు మీద చేసే రకమైతే బండి కంప్యూటర్ని చదివే స్కానర్ తగిలించి గీతలు స్పష్టంగా ఉన్న హైవే మీద, వాన లేని పగటిపూట, వాళ్ళు చెప్పిన వేగంలో కొంతసేపు నడుపుతారు. ఏది చేయాలో కారుని బట్టి ఉంటుంది, కొన్నిటికి రెండూ చేయాలి. అంతేగానీ ఒకాయన స్కానర్ పెట్టి రెండు బటన్లు నొక్కి "కోడ్ చెరిపేశాను మేడమ్, అయిపోయింది" అన్నాడంటే అది కాలిబ్రేషన్ కాదు. కోడ్ అంటే తేడా వచ్చినట్టు బండి కంప్యూటర్ రాసుకునే గుర్తు. మీ బండిలో లైటే రాలేదు, చెరిపేదేంటి? చాలా కార్లలో కెమెరా ఎంత తిరిగి ఉందో ఆ స్కానర్‌లోనే అంకెల్లో కనిపిస్తుంది, ముందూ తర్వాతా ఆ స్క్రీను ఫొటో తీసుకోండి.

వెళ్ళేముందు ఇంట్లోనే కొన్ని చూసుకోండి. నాలుగు టైర్లలో గాలి సరిగ్గా కొట్టించండి. డిక్కీ ఖాళీ చేయండి, వెనక బియ్యం బస్తా ఉంటే ముక్కు పైకి లేస్తుంది, కెమెరా ఆకాశం వైపు చూస్తుంది, ఆ చూపునే సరైనదనుకుని కాలిబ్రేట్ అయిపోతుంది, బస్తా దింపగానే మళ్ళీ మొదటికొస్తుంది. వీల్ అలైన్‌మెంట్ ముందు చేయించండి, తర్వాత కాదు. పెట్రోలు ఎంత ఉండాలో కూడా కొన్ని కంపెనీలు చెబుతాయి, అడగండి.

ఇక అత్తగారి పసుపు కుంకుమ. ఆవిడకి చెప్పేటప్పుడు కొంచెం నెమ్మదిగా చెప్పండి, కానీ పైన మధ్యలో అంటే అది కెమెరా కళ్ళ ముందే. లాగడానికి అది కారణం అయ్యుండదు, అయినా అక్కడ ఏ మరకా ఉండకూడదు. బొట్టు బానెట్ మీద పెట్టుకోవచ్చు, దేవుడేం అనుకోడు. కొత్త ఫాస్టాగ్ ఎక్కడ అంటించారో కూడా చూడండి, పాత అద్దంతో పాత ట్యాగు పోయి ఉంటుంది, కొత్తది మధ్య అద్దం వెనకే అంటించడం అందరికీ అలవాటు. కెమెరా చూసే కిటికీకి అది అడ్డం రాకూడదు.

మూడో దారి, కంపెనీ అద్దం మళ్ళీ వేయించి కాలిబ్రేట్ చేయించడం. ఇప్పుడే వద్దు. రెండోది ఫెయిలైతేనే. అద్దం కింది మూలలో తయారీదారు ముద్ర, ఐఎస్ఐ గుర్తు ఉన్నాయో లేదో చూసి ఫొటో తీసి ఉంచండి. అన్నయ్యగారిని ఏ సీలెంట్ వాడారో, వేశాక ఎన్ని గంటలు ఆరనిచ్చారో కూడా అడగండి. ఇది కెమెరా కోసం కాదు. మామగారు కూర్చునే ఎడమ సీటు ఎయిర్‌బ్యాగు చాలా కార్లలో తెరుచుకునేటప్పుడు ముందద్దాన్ని ఆనుకుని నిలుస్తుంది, అద్దం గట్టిగా అతుక్కుని ఉండాలి. రెండు నెలలైంది కాబట్టి ఆరడం సంగతి అయిపోయింది, వానకి అంచుల్లోంచి నీళ్ళు దిగుతున్నాయేమో చూస్తే చాలావరకు తెలిసిపోతుంది.

ఇన్సూరెన్సు విషయంలో, నొప్పిగా ఉన్నా చెబుతాను, లెక్క తప్పారు. మామూలు ప్యాకేజీ పాలసీల్లో గాజుకి తరుగు కోయరు. మీరు జేబులోంచి తప్పనిసరిగా పెట్టుకోవాల్సింది ఇంజిన్ 1500 సీసీ దాకా అయితే 1,000, ఆపైన 2,000. పోయే బోనస్ మీకు మొదటి ఏడాదే కాబట్టి 20 శాతం, అదీ ఓన్ డ్యామేజీ, అంటే మన బండి నష్టానికి కట్టే ప్రీమియం మీద మాత్రమే, మొత్తం ప్రీమియం మీద కాదు. వచ్చే ఏడాది 25, ఆ తర్వాత 35 అని పెరిగే మెట్లలో ఒక మెట్టు ఆలస్యమవుతుంది, అంతే. 38,000 ముందు పెట్టి చూస్తే క్లెయిం చేసుకోవాల్సిందే, కాలిబ్రేషన్ కూడా ఎస్టిమేట్‌లో రాయించి ముందే ఒప్పించుకోవాల్సింది. ఇప్పుడు పగిలిన అద్దం లేదు, వాళ్ళు చూడలేదు, ఆ తలుపు మూసుకుపోయింది. ఎవరో ఒకరు మీకు "ఇంకో రాయి తగిలిందని చెప్పండి" అని సలహా ఇస్తారు, ఇస్తారని నాకు తెలుసు, ఆ జోలికి పోవద్దు. టీచరు ఉద్యోగంలో ఉన్నారు. రెన్యువల్‌లో బోనస్ కాపాడే యాడ్ ఆన్ ఉందేమో అడిగి తీసుకోండి.

ఇక మీరు అసలు భయపడుతున్నది అన్నయ్యగారి గురించి అని ఉత్తరం రెండోసారి చదివితే అర్థమైంది. కారు గురించి రెండు పేజీలు, ఆడపడుచు గురించి రెండు పేజీలు రాశారు. మీరు దీన్ని "ఆయన అద్దం సరిగా వేయలేదు" అని మనసులో అనుకుంటున్నారు, అందుకే చెప్పలేకపోతున్నారు. అలా అనుకోనక్కర్లేదు. అద్దం వేయడం ఒక పని, కెమెరా దిద్దడం ఇంకో పని. దర్జీ చొక్కా కుట్టాడు, ఇస్త్రీ వాళ్ళది వేరే బడ్డీ. ఆయన తన పని చేశారు, రెండో పని అసలు ఎవరూ చేయలేదు. ఆ ఖాళీ గురించి మీరూ ఆయనా ఇద్దరూ ఇప్పుడే తెలుసుకుంటున్నారు.

కాబట్టి భర్త ద్వారానో ఆడపడుచు ద్వారానో కబురు పంపకండి, అది నాలుగు నోళ్ళు తిరిగేసరికి ఫిర్యాదైపోతుంది. మీరే ఫోన్ చేయండి. "అన్నయ్యా, అద్దం బాగుంది, ఒక్క చుక్క నీళ్ళు దిగట్లేదు. ఈ కెమెరా కార్లకి అద్దం మారిస్తే కాలిబ్రేషన్ అని వేరే చేయాలంట, విశాఖలో చేయిస్తున్నాను. బ్రాకెట్టు గురించి వాళ్ళేమైనా అడిగితే మీకు ఫోన్ చేస్తాను, ఎత్తండి" అనండి. నీళ్ళు నిజంగా దిగకపోతేనే ఆ మొదటి మాట అనండి సుమా. అనుమతి అడగొద్దు, చెప్పండి చాలు. అడిగితే ఆయన వద్దంటారు, అప్పుడు మీరు కాదని చేయించుకోవాలి, అక్కడ మొదలవుతుంది గొడవ. ఆయన అయినా నొచ్చుకుంటే? నొచ్చుకోవచ్చు. కొన్ని రోజులు మాట ముభావంగా ఉండొచ్చు. దాన్నీ, రణస్థలం దగ్గర ఆ బైకునీ పక్కపక్కన పెట్టి మీరే చూసుకోండి, నేను తూకం వేసి చెప్పను.

ఆయన షాపుకి ఇలాంటి కార్లు ఇకముందు ఇంకా వస్తాయి. మీకు ఎదురైనది రేపు ఆయన దగ్గరికి ఏ పరాయివాడో తెచ్చి గొంతు పట్టుకునేముందు ఆయనకి తెలియడం ఆయనకే మంచిది. ఇది మీరు చెప్పనక్కర్లేదు, ఆయన వ్యాపారస్తుడు, తనకే వెలుగుతుంది.

వచ్చే నెల ఎలాగూ మామగారి చెకప్‌కి వెళ్తారు కదా, దానికి ముందు ఒక సెలవు రోజు మీరొక్కరే వెళ్ళి చేయించుకు రండి. ఆయన్ని సర్వీసు సెంటర్లో కూర్చోబెట్టి గంటలు గంటలు ఎదురుచూడటం ఆయనకీ కష్టం, తిరుగు ప్రయాణంలో లేన్ అసిస్ట్ మొదటిసారి వేసి చూసేటప్పుడు పక్కన ఎవరూ లేకపోవడం మీకూ నయం. ట్రాఫిక్ లేని తిన్నని చోట, రెండు చేతులూ స్టీరింగు మీద ఉంచి, వెనక ఎవరూ లేరని చూసుకుని వేయండి. మళ్ళీ ఎడమకి జరిగితే వెంటనే ఆపేసి, చోటు, టైము, వేగం రాసుకుని ఆ కాయితంతో వెనక్కి వెళ్ళండి, "కోడ్ లేదు" అంటే మళ్ళీ అంకెలు చూపించమనండి. సరిగ్గా నడిస్తే రిపోర్టు ఫొటో అన్నయ్యగారికి కూడా వాట్సాప్‌లో పెట్టండి. మామగారికైతే సమాధానం బాకీ ఉన్నారు. ఆ రోజు అదే తిరిగిందని చెప్పండి.